లింకు చార్టులో పెద్ద చుక్క ఉంటే ముఠా నాయకుడేనా?

ప్రశ్న: చాలాకాలం ఒక కంపెనీలో అమ్మకాల రిపోర్టులు తయారుచేశాను. ఈమధ్యే ఒక దర్యాప్తు విభాగంలో డేటా విశ్లేషకురాలిగా చేరాను. కాల్ రికార్డులు, బ్యాంకు లావాదేవీలు, వాంగ్మూలాలు, ఇన్‌ఫార్మర్ల నుంచి వచ్చే నిఘా సమాచారం అన్నీ ఒకే తెర మీద కనపడేలా డ్యాష్‌బోర్డు చెయ్యమన్నారు. పన్నెండు చార్టులు పెట్టి చేశాను. పై అధికారులు మెచ్చుకున్నారు. కేసులు చూసే అధికారులు మాత్రం దాన్ని తెరవడమే లేదు, 'ఎక్సెల్ షీటు పంపండి చాలు' అంటున్నారు. పైగా మొన్న ఒక సమావేశంలో లింకు చార్టులో (ఎవరు ఎవరితో మాట్లాడారో చుక్కలు, గీతలతో చూపే బొమ్మ) అన్నిటికంటే పెద్ద చుక్కను చూపించి 'ముఠా నాయకుడు వీడే' అనేశారొకరు. ఆ నంబరు ఎవరిదో ఇంకా తేలనేలేదు. నా డ్యాష్‌బోర్డులో లోపం ఎక్కడుంది? ఎలా సరిచెయ్యాలి?
— ఒక విశ్లేషకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆఖరి సంగతి. డ్యాష్‌బోర్డు ఎవరూ తెరవకపోతే మీ శ్రమ వృథా అవుతుంది, అంతే. ఎవరిదో తేలని నంబరును బొమ్మ చూసి నాయకుడని అనేస్తే మాత్రం, ఏ పాపం తెలియని మనిషి ఇంటి తలుపు రేపు ఎవరో తట్టే ప్రమాదం ఉంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

లింకు చార్టులో చుక్క పెద్దదయ్యేది ఎక్కువ నంబర్లతో సంబంధం ఉన్నప్పుడు. అలాంటి నంబర్లలో కస్టమర్ కేర్ ఉంటుంది, ఓటీపీలు పంపే నంబర్లుంటాయి, కొరియర్ తెచ్చేవాళ్లు, ట్యాక్సీ డ్రైవర్లు ఉంటారు. ముఠాను నడిపేవాడు తరచుగా ఇద్దరు ముగ్గురితోనే మాట్లాడతాడు. పనంతా వాళ్ల చేత చేయిస్తాడు. చార్టులో అతను ఎక్కడో అంచున చిన్న చుక్కగా మిగిలిపోతాడు.

దీనికంటే లోతైన చిక్కు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీరు ఎవరి కాల్ రికార్డులు తెప్పించారో వాళ్ల పరిచయాలన్నీ చార్టులోకి వస్తాయి. తెప్పించని వాళ్లవి రావు. 'క', 'ఖ' అని రెండు నంబర్లున్నాయనుకోండి. 'క' రికార్డులు మీ దగ్గరున్నాయి, వాటిలో రెండొందల నంబర్లున్నాయి. 'ఖ' రికార్డులు ఇంకా అడగలేదు. 'క'తో మాట్లాడింది కాబట్టే అది చార్టులో కనపడుతోంది. కాబట్టి 'ఖ'కు వెయ్యిమంది తెలిసినా చార్టులో ఒక్కటే గీత ఉంటుంది. మొదట పట్టుబడ్డవాడే ఎప్పుడూ నడిమధ్యలో ఉన్నట్టు కనపడడానికి కారణం ఇదే. ఆ చార్టు ముఠా ఎలా ఉందో చూపించడం లేదు, మీ దర్యాప్తు ఇంతవరకూ ఎటు నడిచిందో చూపిస్తోంది.

దీన్ని సరిచెయ్యడం కష్టమేమీ కాదు. రికార్డులు తెప్పించిన నంబర్లకు చతురస్రం, మిగతావాటికి వృత్తం పెట్టండి. సమావేశంలో కూర్చున్నవాళ్లకు తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. సేవా నంబర్ల జాబితా ఒకటి విడిగా పెట్టుకుని వాటిని బూడిద రంగులోకి మార్చండి, తీసెయ్యకండి. ఒక కేసులో కొరియర్ నంబరే అసలు దారం కావచ్చు. చుక్క పరిమాణాన్ని పరిచయాల సంఖ్యకు ముడిపెట్టడం మానెయ్యండి, అన్నీ ఒకే సైజులో ఉండనివ్వండి. ఎవరి పాత్ర ఏమిటో అధికారి నిర్ధారించాకే పేరు పక్కన ఆ మాట రాయండి. ఎరుపు రంగు వాడకండి. ఎర్ర చుక్కను చూస్తే ఎవరి మనసైనా ముందే తీర్పు చెప్పేస్తుంది.

ఇక అధికారులు డ్యాష్‌బోర్డు ఎందుకు తెరవడం లేదన్న ప్రశ్న. అమ్మకాల డ్యాష్‌బోర్డులో ఏం కొలవాలో ముందే తెలుసు: ఈ నెల ఎంత అమ్మాం, పోయిన నెలకంటే ఎక్కువా తక్కువా. దర్యాప్తులో ఏం వెతకాలో కూడా సగం తెలియదు. అధికారి మనసులో ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి పుడుతుంటాయి. ఆ రాత్రి ఈ ఫోను ఎక్కడుంది? అదే గంటలో ఆ టవర్ కింద ఇంకెవరున్నారు? వాళ్లలో ఎవరి ఖాతాకైనా మర్నాడు డబ్బు వెళ్లిందా? మీ పన్నెండు చార్టులు పన్నెండు జవాబులు. ఆయన అడిగే ప్రశ్న వాటిలో లేదు. అందుకే వరుసలన్నీ చేతిలోకి వచ్చే ఎక్సెల్ అడుగుతున్నారు. ఆ కోరికను వెనకబాటుతనంగా చూడకండి, మూల రికార్డు కళ్లారా చూడాలన్న దర్యాప్తు స్వభావం అది.

సమాచారాన్ని తెర మీద ఎలా చూపాలన్న విషయంలో 1996లో కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ ఒక వరుస చెప్పారు: ముందు మొత్తం చూపించు, తర్వాత దగ్గరికి వెళ్లనివ్వు, అక్కర్లేనిది వడకట్టనివ్వు, అడిగినప్పుడు వివరం ఇవ్వు. దర్యాప్తు డ్యాష్‌బోర్డుకు ఇప్పటికీ అంతకంటే మంచి నమూనా నాకు కనపడలేదు. మీకు కావలసినవి నాలుగే: కాలరేఖ, మ్యాపు, లింకు చార్టు, వాటి కింద రికార్డుల పట్టిక. నాలుగూ ఒకదానికొకటి ముడిపడి ఉండాలి. కాలరేఖ మీద రెండు గంటలు ఎంచుకోగానే మ్యాపులో ఆ రెండు గంటల టవర్లే మిగలాలి, లింకు చార్టులో అప్పటి కాల్సే నిలవాలి, పట్టికలో అవే వరుసలు రావాలి. అలాగే మ్యాపులో ఒక ప్రాంతం చుట్టూ గీత గీస్తే మిగతా మూడూ మారాలి. పై చార్టులు పట్టికను వెతుక్కునే పనిముట్లు మాత్రమే, అసలు సరుకు పట్టికే.

పట్టికలో ప్రతి వరుసకూ మూలం ఉండాలి. ఏ ఫైలు, ఎన్నో పేజీ లేదా ఎన్నో వరుస, ఎవరు ఎప్పుడు ఇచ్చారు? నొక్కగానే స్కాన్ చేసిన అసలు పత్రం తెరుచుకోవాలి. విదేశాల్లో రహస్యంగా పెట్టిన కంపెనీల గుట్టు విప్పిన లీకు పత్రాలు, పనామా పేపర్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1 కోటి 15 లక్షల పత్రాలు, 2.6 టెరాబైట్ల డేటా. పరిశోధనాత్మక జర్నలిస్టుల అంతర్జాతీయ కన్సార్టియం ఆ పత్రాల్లో పదాలు వెతకడానికి ఒక సాధనం ఇచ్చింది, కంపెనీలకూ వాటి వెనకున్న వ్యక్తులకూ మధ్య లింకులు చూడడానికి సంబంధాలను చుక్కలు, గీతలుగా దాచుకునే నియో4జె గ్రాఫ్ డేటాబేస్‌తో మరొకటి ఇచ్చింది. అవి చేతిలో ఉన్నా, 2016 ఏప్రిల్‌లో తొలి కథనాలు వచ్చేలోపు వందల మంది జర్నలిస్టులు దాదాపు ఏడాదిపాటు పనిచెయ్యాల్సి వచ్చింది. గీత ఎక్కడ చూడాలో చెబుతుంది. అది నిజమో కాదో పత్రమే చెప్పాలి.

పై అధికారులు అడిగే అంకెలు, అంటే ఎన్ని కేసులు పెండింగులో ఉన్నాయి, ఎన్ని నెలల పాతవి, వాటిని వేరే పేజీలో పెట్టండి. అది నిర్వహణ పని. 1994లో న్యూయార్క్ పోలీసులు మొదలుపెట్టిన కాంప్‌స్టాట్ పద్ధతి అలాంటిదే, ఎక్కడ నేరాలు పెరుగుతున్నాయో చూసి కమాండర్లను జవాబు అడగడానికి. ఒక కేసు ఛేదించడానికి ఆ పేజీ పనికిరాదు. మీ ప్రస్తుత డ్యాష్‌బోర్డు రెండు పనులూ చెయ్యబోయి రెండోదాన్ని వదిలేసిందని నా అనుమానం.

ఇప్పుడు అసలు కష్టమున్న చోటికి వద్దాం. తెర ఎంత బాగున్నా కింద డేటా సరిగా అతకకపోతే అబద్ధపు లింకులు పుడతాయి, నిజం లింకులు తెగిపోతాయి. ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరునే తీసుకోండి. 15 అంకెల్లో చివరిది తనిఖీ అంకె, ఫోను దాన్ని నెట్‌వర్క్‌కు పంపదు. అందువల్ల కాల్ రికార్డుల్లో ఆ చోట చాలాసార్లు సున్నా ఉంటుంది. ఫోను పెట్టె మీద నిజమైన అంకె ఉంటుంది. కొన్ని రికార్డుల్లో సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో కలిపి 16 అంకెలొస్తాయి. ఒకే హ్యాండ్‌సెట్ ఇలా మీ డేటాలో మూడు వేర్వేరు ఫోన్లుగా చేరుతుంది. మొదటి 14 అంకెలతోనే జతచెయ్యండి. అప్పుడు సిమ్ మార్చి అదే ఫోను వాడినవాడు బయటపడతాడు.

సిమ్ కార్డు మీద ఉండే నంబరుతో దీనికి వ్యతిరేకమైన ప్రమాదం. అది 19 లేదా 20 అంకెలు ఉంటుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, మిగతావి సున్నాలైపోతాయి. ఒకే లాటులో వచ్చిన సిమ్‌లకు తేడా ఉండేది చివరి అంకెల్లోనే. ఫైలును ఒక్కసారి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే చాలు, పరిచయమే లేని ఇద్దరి సిమ్‌లు ఒకే నంబరు కిందకు వస్తాయి. మీ చార్టు వాళ్లిద్దరి మధ్య నమ్మకంగా గీత గీసేస్తుంది. ఫోను నంబర్లు, ఖాతా నంబర్లు, కార్డు నంబర్లు అన్నీ పాఠ్యంగానే దిగుమతి చేసుకోండి, సంఖ్యలుగా వద్దు. మొదట్లో ఉండే సున్నాలు కూడా అలా అయితేనే మిగులుతాయి.

సమయం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. స్థానిక సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే మూడు గంటలు ముందుండే చోట ఒక కేసు జరిగిందనుకోండి. ఫోను కంపెనీ స్థానిక సమయం ఇచ్చింది: కాల్ 14:10కి. చెల్లింపుల సర్వర్ యూటీసీలో ఇచ్చింది: డబ్బు 11:25కి వెళ్లింది. మార్చకుండా కాలరేఖ మీద పెడితే కాల్ రావడానికి ముందే బాధితుడు డబ్బు పంపినట్టు కనపడుతుంది. నిజానికి కాల్ వచ్చిన పావుగంటకు పంపాడు. మోసం కేసులో ఈ ముందూ వెనకలే కేసంతా. అసలు సమయాన్ని ఒక నిలువు వరుసలో అలాగే ఉంచి, యూటీసీలోకి మార్చినదాన్ని పక్క వరుసలో పెట్టండి. కాలరేఖ రెండో వరుస మీదే నడవాలి.

మ్యాపు మీద టవర్‌ను చుక్కగా చూపించకండి. కాల్ రికార్డులోని అక్షాంశ రేఖాంశాలు టవర్‌వి, ఫోనువి కావు. ఇళ్లు కిక్కిరిసిన చోట ఫోను కొన్ని వందల మీటర్లలో ఉండొచ్చు, బయలు ప్రదేశంలో కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. టవర్‌లో ఏ సెక్టారో, అంటే ఏ దిశకు తిరిగిన యాంటెన్నానో, తెలిస్తే ఆ దిశలో విసనకర్ర ఆకారంలో నీడలా గీయండి. చుక్క పెడితే అధికారి ఆ వీధికి వెళ్లి తలుపులు కొడతారు. స్థానం తెలియని రికార్డుల సంగతీ అంతే. అవి సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం దగ్గర చేరితే ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలో కనపడతాయి కాబట్టి తప్పని వెంటనే తెలుస్తుంది. తప్పు నేల మీద పడితేనే ప్రమాదం. ఐపీ చిరునామాలకు స్థానం చెప్పే ఒక అమెరికా సంస్థ, దేశం తప్ప మరేమీ తెలియని చిరునామాలన్నిటికీ దేశం నడిమధ్యన ఒక బిందువు ఇచ్చేది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో ఒక వ్యవసాయ క్షేత్రం దగ్గర పడింది. అక్కడి కుటుంబాన్ని ఏళ్ల తరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు వచ్చి నిలదీశారు. 2016లో గానీ కారణం బయటికి రాలేదు. కచ్చితంగా తెలియని స్థానాన్ని మ్యాపు మీదికి ఎక్కించకండి, పక్కన 'స్థానం తెలియనివి' అని ఒక పెట్టెలో లెక్కతో సహా ఉంచండి.

లేని డేటా కూడా కనపడాలి. ఈ మాటను వీలైనంత గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. కాలరేఖలో మూడు రోజులు ఖాళీగా ఉంటే, ఫోను ఆపేశాడని అధికారి అనుకుంటారు. బహుశా ఆ మూడు రోజుల ఫైలు మీకు అందలేదేమో! అందిన కాలాన్ని తెల్లగా, అందని కాలాన్ని గళ్లగా చూపించండి. డెన్మార్క్‌లో 2019లో ఏమైందో చూడండి. టెలికం కంపెనీల ముడి డేటాను పోలీసులు వాడుకునే రూపంలోకి మార్చే వ్యవస్థలో కొన్ని వివరాలు రాలిపోతున్నాయని తేలింది. ఆ ఏడాది ఆగస్టులో రెండు నెలలపాటు మొబైల్ డేటాను కోర్టుల్లో సాక్ష్యంగా వాడడం ఆపేసి, 10,000కు పైగా కేసులు తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండులో కోవిడ్ కేసుల ఫైలు పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఉండి 65,536 వరుసల హద్దు దాటలేకపోయింది. దాదాపు 16,000 పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతకడం ఆలస్యమైంది. అందుకని ప్రతి దిగుమతికీ ఎన్ని వరుసలొచ్చాయి, ఎన్ని ఎక్కాయి, ఎన్ని తిరస్కరించాం అనే మూడు అంకెలు తెర మీదే పెట్టండి.

నిఘా సమాచారం గురించి. బ్యాంకు లావాదేవీ, ఇన్‌ఫార్మర్ చెప్పిన మాట రెండూ మీ చార్టులో ఒకే రకం గీతలుగా ఉంటే అది పెద్ద తప్పు. నాటో దేశాల్లో వాడే పద్ధతిలో సమాచారం ఇచ్చిన వ్యక్తిని ఎంత నమ్మొచ్చో ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరంతో, చెప్పిన సంగతి ఎంతవరకు ధ్రువపడిందో 1 నుంచి 6 వరకు అంకెతో గుర్తిస్తారు. మంచి మనిషి తప్పుడు సంగతి చెప్పొచ్చు, నమ్మలేనివాడు నిజం చెప్పొచ్చు కాబట్టి రెండూ వేర్వేరుగా ఉండాలి. ఎఫ్6 అంటే 'చెత్త' అని అర్థం చేసుకునేవాళ్లున్నారు. 'ఇంకా అంచనా వెయ్యలేం' అని మాత్రమే దాని అర్థం. ధ్రువపడిన వాటికి నిండు గీత, పడనివాటికి చుక్కల గీత పెట్టండి. ఒకే మాట ఐదు రిపోర్టుల్లో ఉంటే ఐదూ ఒకరి నోటి నుంచే వచ్చాయేమో చూడండి, అలాగైతే లెక్క ఒకటే.

దీనికి యార్క్‌షైర్ హత్యల దర్యాప్తును మించిన పాఠం లేదు. ఇంగ్లండులో 1975, 1980 మధ్య పీటర్ సట్‌క్లిఫ్ 13 మంది స్త్రీలను చంపాడు. పోలీసులు అతన్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. కారు నంబర్ల నిఘాలో అతని పేరుంది, ఒక హతురాలి దగ్గర దొరికిన కరెన్సీ నోటు ఆరాలో ఉంది. కానీ అవన్నీ కాగితం కార్డుల మీద, ఒకదానికొకటి తగలని పెట్టెల్లో ఉన్నాయి. మీరు ఇప్పుడు చేస్తున్న పని, అంటే రికార్డులను కలపడం, అప్పుడు జరగలేదు. ఆ వైఫల్యం నుంచే 1980లలో బ్రిటిష్ పోలీసులకు హోమ్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. అయితే నా మనసులో ఎక్కువగా నాటుకుపోయింది అందులోని రెండో సంగతి. 1979లో హంతకుణ్ణంటూ ఒకడు టేపు పంపాడు. యాస వేర్‌సైడ్ ప్రాంతానిది. దర్యాప్తు పెద్దలు దాన్ని నమ్మి, ఆ యాస లేనివాళ్లను పక్కన పెడుతూ పోయారు. సట్‌క్లిఫ్‌కు ఆ యాస లేదు. టేపు పంపినవాడు వేరే మనిషని ఆ తర్వాత తేలింది, 2006లో వాడికి శిక్ష కూడా పడింది.

పరీక్షకు నిలవని ఒక సమాచారం ఫిల్టరైతే జరిగేది ఇదే. మీ డ్యాష్‌బోర్డులో ఒక్క నొక్కుతో అలాంటి ఫిల్టరు పడుతుంది. నిన్న ఎవరో పెట్టిన ఫిల్టరు ఇవాళ ఇంకొకరు చూసేటప్పుడు కూడా ఉండిపోతుంది. కాబట్టి అమల్లో ఉన్న ఫిల్టర్లన్నీ తెర పైభాగంలో మాటల్లో రాసి ఉండాలి. పక్కనే 'దీనివల్ల ఎన్ని రికార్డులు, ఎంతమంది మనుషులు తప్పుకున్నారు' అన్న లెక్క ఉండాలి, నొక్కితే ఆ తప్పుకున్నవాళ్ల జాబితా రావాలి. నా దృష్టిలో ఈ ఒక్క ఏర్పాటు మీ పన్నెండు చార్టుల కంటే విలువైనది.

ఎవరు ఏం చూడొచ్చన్నది మీ విభాగం నియమాలు చెబుతాయి, దాన్ని డ్యాష్‌బోర్డు గట్టిగా అమలుచెయ్యాలి. పేరు దాచినంత మాత్రాన ఇన్‌ఫార్మర్ క్షేమంగా ఉన్నట్టు కాదు. తేదీ, స్థలం ఎంచుకుంటూ పోతే ఒక్క రిపోర్టే మిగిలితే, అక్కడ ఆ రోజు ఉన్నది ఎవరో ఊహించడం తేలిక. నిఘా రిపోర్టులకు తేదీ బదులు వారం, స్థలం బదులు పెద్ద ప్రాంతం చూపించండి. బాధితుల, సాక్షుల వివరాలు ఎవరు తెరిచినా లాగ్‌లో పడాలి.

కేసు ఫైలుకు ఏదైనా చేరాలంటే మాత్రం డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్ ఇవ్వకండి. అది రోజూ మారుతుంది. రేపు కొత్త డేటా ఎక్కితే ఇవాళ్టి బొమ్మ మళ్లీ రాదు. ఆ క్షణాన ఉన్న డేటాను, ఫిల్టర్లను, తేదీని కలిపి విడి నకలుగా భద్రపరిచి, దానికి షా-256 హ్యాష్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత ఎవరు అడిగినా అదే ఫలితం మళ్లీ చూపించగలగాలి.

ఏ సాధనం వాడాలని మీరు అడగలేదు. మంచిదే, ఎందుకంటే ఆ వాదనకు అంతుండదు. పవర్ బీఐ, టాబ్లో, కిబానా ఏదైనా కాలరేఖకూ మ్యాపుకూ పట్టికకూ సరిపోతుంది. లింకు చార్టు పెద్దదైతే ఐ2 అనలిస్ట్స్ నోట్‌బుక్ లాంటిది అవసరం పడుతుంది. ఉన్నదానితో మొదలుపెట్టండి.

ముందు చెయ్యాల్సింది ఇది. ఇప్పటికే తేలిపోయిన పాత కేసు ఒకటి తీసుకోండి, అందులో పనిచేసిన ఇద్దరు అధికారులను అడిగి పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ కేసు డేటాను నాలుగు భాగాల కొత్త తెరలోకి ఎక్కించి, మౌస్ వాళ్ల చేతికివ్వండి. మీరు మాట్లాడకుండా, వాళ్లు ఏ ప్రశ్న అడుగుతున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో, ఎప్పుడు 'ఆ షీటు తియ్యండి' అంటున్నారో రాసుకోండి. అసలు నిందితుడు మీ తెర మీద ఏ దశలో కనపడ్డాడు, అమాయకులెవరైనా అతనికంటే ముందు పైకి తేలారా, తేలితే ఏ గీత వల్ల తేలారు అన్నది కూడా చూడండి. ఆ గీతలను సరిచేశాకే కొత్త కేసు ఎక్కించండి. అప్పటిదాకా సమావేశాల్లో లింకు చార్టు చూపించాల్సి వస్తే, చతురస్రం అంటే ఏమిటో, వృత్తం అంటే ఏమిటో మీరే లేచి ముందుగా చెప్పండి. కొత్తగా చేరానని మొహమాటపడకండి.